కూల్చక మునుపు కొలవండి

పెనుకొండ కోటకు యర్రమంచి ద్వారమని ఒక ద్వారం ఉన్నది. ఆ ద్వారం దగ్గర నిలువెత్తు ఆంజనేయస్వామి శతాబ్దాలుగా కాపు కాస్తున్నాడు. ఆ యర్రమంచి పేరే నేడు, 2019 నుంచి కార్లు తయారవుతున్న ఒక పెద్ద కర్మాగారానికి చిరునామా అయింది. హిందూపురం చూడబోతే, సంతవీధులు చాలక ఊరు నలువైపులా పాకుతున్నది. ధర్మవరంలో మగ్గాల ఇళ్లు మిద్దెలై, మిద్దెలు మేడలై, దారులు వెడల్పు చేయక తప్పని స్థితి వచ్చింది. ఊరు పెరగడం తప్పు కాదు. పెరగవలసిందే. పిల్లలకు పని కావాలి. బండ్లకు దారి కావాలి. ఇళ్లకు నీళ్లు రావాలి.

కాని, ఊరు పెరిగే దారిలో ఒక పాతగుడి ఎదురవుతుంది. ధూపం లేదు, దీపం లేదు. పూజారి వంశం ఎన్నడో ఊరు విడిచింది. మాన్యం ఎవరి చేతిలో ఉన్నదో ఎవరూ అడగరు. శిఖరం మీద రావిమొక్క, గర్భగుడిలో గబ్బిలాలు, ముఖమంటపంలో ఎండుకట్టెల మోపులు. ఇటువంటి గుడిని ఉంచాలా, తీసివేయాలా?

ఈ ప్రశ్న పుట్టిన ప్రతిచోటా రెండు పక్షాలు లేస్తాయి. దేవుని ఇల్లు, రాయి కదిలించరాదని ఒక పక్షం. మనుషులు నడిచే దారి ముఖ్యం గాని, గబ్బిలాలకు కాపురమెందుకని మరొక పక్షం. రెండు పక్షాలవారూ గొంతెత్తి వాదించుకుంటారు. వాదం తెగదు. ఒకనాటి తెల్లవారుజామున జేసీబీ వస్తుంది. లేదా ఒక అమావాస్యరాత్రి గుప్తనిధుల కోసం గునపాలు వస్తాయి. దానితో వాదం ముగుస్తుంది. అక్కడ నిన్నటిదాకా నిలిచి ఉన్నది ఏమిటో, ఎంతటిదో, ఎవరు కట్టించినదో రెండు పక్షాలవారికీ తెలియకుండానే ముగుస్తుంది.

ఈ పూట మీతో మనవి చేయదలచినది ఒక్కటే మాట. కూల్చక మునుపు కొలవండి. కొలిచి, రాసి పెట్టుకోండి. ఉంచడమా, తీయడమా, మరొక చోటికి తరలించడమా అన్నది ఆ కాగితం చేతికి వచ్చిన తర్వాత తేల్చుకుందాం.

ఇది చిన్నమాటగా తోచవచ్చు. కాని మన సీమలో దీని అవసరం ఎంతటిదో చూడండి. 1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధంలో ఓడిన పిమ్మట, తిరుమలరాయలు విజయనగరాన్ని విడిచి, రాజ్యానికి మిగిలిన సిరినీ, పరివారాన్నీ వెంటబెట్టుకొని పెనుకొండకు చేరి, దానిని రాజధానిగా చేసుకొన్నాడు. అంతకు పూర్వమే, మొదటి బుక్కరాయల కాలం నుంచే, అది రాచవారు మసలిన కోట. అందువల్లనే అక్కడ గగనమహలు ఉన్నది, పార్శ్వనాథుని బసది ఉన్నది, రాముడూ శివుడూ పక్కపక్కనే కొలువున్న జంటగుళ్లు ఉన్నాయి, షేర్‌ఖాన్ మసీదు ఉన్నది, బాబయ్యస్వామి దర్గా ఉన్నది. పెనుకొండలో ఏడాదికి రోజులెన్నో అన్ని గుళ్లు, అనగా 365 గుళ్లు ఉండేవని పెద్దలు చెబుతారు. అది లెక్క కాదు. ఊరి మీది మమకారం. మమకారాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు గాని, దారి వెడల్పు చేసేనాడు గుడిని కాచేది మమకారం కాదు, లెక్క.

పేరున్న కట్టడాలకు కొంత కాపు ఉన్నది. లేపాక్షి వీరభద్రాలయం సంగతి తీసుకోండి. అచ్యుతదేవరాయల కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన ఆ ఆలయం కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ వల్ల, అటువంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్ల మేర కొత్త కట్టుబడి కూడదు. ఆపైన మరి 200 మీటర్ల మేర అనుమతి లేనిదే కట్టరాదు. మన రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉన్నది. బాగున్నది. కాని పొలిమేరలోని నందిమంటపానికి ఏ చట్టమున్నది? చెరువుకట్ట కింద సగం పూడిపోయిన శివాలయం పేరు ఏ జాబితాలో ఉన్నది? నేను మాట్లాడుతున్నది ఆ అనామకమైన గుళ్ల గురించి. జాబితాకెక్కనిది చట్టం కంటికి కనపడదు. కనపడనిదానిని కాపాడమని ఎవరిని అడుగుతాం?

జాబితా ఎంత పని చేస్తుందో చెబుతాను. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. అదే సంవత్సరంలో రాబర్టు సీవెల్ అనే అధికారి మద్రాసు రాజధానిలోని ప్రాచీన కట్టడాల పట్టికను, జిల్లా వెంట జిల్లా, తాలూకా వెంట తాలూకా, ఊరి వెంట ఊరు, అచ్చు వేయించడం ఆరంభించాడు. అందులో చాలా ఊళ్లకు ఒకటి రెండు వాక్యాలకు మించి లేవు. అయినా, నేటికి 140 ఏళ్లు దాటినా, చరిత్ర వెదికేవారు మొట్టమొదట విప్పేది ఆ పుస్తకాన్నే. ఒక గుమాస్తా, ఒక కరణం, ఊరిలో నిలబడి నాలుగు మాటలు రాసి పంపినందుకు ఇంత ఫలం.

మనకిది కొత్త విద్యేమీ కాదు. మన సీమలో పాత మట్టిమిద్దె విప్పేటప్పుడు ఏం చేస్తాం? ముందుగా ద్వారబంధం జాగ్రత్తగా తీసి, గోడకు చేర్చి పెట్టిస్తాం. దూలాలకూ, దంతెలకూ సుద్దముక్కతో గుర్తులు వేస్తాం. రాతికూసాలు ఎన్నో లెక్క పెట్టుకుంటాం. అన్నదమ్ముల మధ్య పంపకాలుంటే, ఆ లెక్క కాగితం మీదికి ఎక్కి, పెద్దమనుషుల సంతకాలు కూడా పడతాయి. తాతగారి వాకిలి కొత్తింటికి వస్తుంది. నాలుగు అంకణాల మిద్దెకు ఇంత లెక్క చూసుకునేవాళ్లం, నాలుగువందల ఏళ్ల మంటపానికి ఒక్క కాగితమైనా రాయకుండా గునపం ఎత్తడం న్యాయమా?

గుర్తు వేసిన రాయి ఎంత దూరమైనా పోయి నిలబడగలదు. ఇందుకు మన రాయలసీమే సాక్షి. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఉన్న ఎన్నో పురాతన ఆలయాలు ముంపులో పడ్డాయి. నీళ్లు వచ్చేలోగా, పురావస్తు శాఖవారు వాటిని విప్పి తరలించారు. రెండు నదులు కలిసేచోట, కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చి నిలిపారు. రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి చేర్చారు. ఇవి చిన్న కట్టడాలు కావు. చాళుక్యుల నాటి శిల్పసంపద అంతా గోడల మీద మోసుకొని నిలిచిన గుళ్లు.

విప్పడమంటే ఎట్లా విప్పుతారు? మొదట గుడి నాలుగు ముఖాలకూ కొలతలు తీసి పటం గీస్తారు. అడుగున ఉన్న ఉపానం నుంచి పైన కలశం దాకా, వరుస వెంట వరుస లెక్కిస్తారు. ప్రతి రాతికీ ఒక అంకె వేస్తారు. ఆ అంకె చూడగానే అది ఏ దిక్కు గోడది, కింది నుంచి ఎన్నో వరుసది, ఎడమ నుంచి ఎన్నవదో తెలియాలి. అదే అంకె పటంలోనూ ఉండాలి. అప్పుడు పైనుంచి కిందికి, గొలుసు కప్పీలతో ఒక్కొక్క రాయినీ దించుతారు. కొత్తచోట పునాది వేసి, అడుగు నుంచి పైకి అదే క్రమంలో పేరుస్తారు. రాతికీ రాతికీ మధ్య పూర్వం సున్నం లేకుంటే ఇప్పుడూ ఉండదు; బరువే వాటిని పట్టి ఉంచుతుంది. శ్రోతలు ఒక్క సంగతి గమనించాలి. ఈ పనిలో ప్రాణమంతా ఆ అంకెలో ఉన్నది. అంకె చెరిగితే శిల్పం మళ్లీ రాళ్ల కుప్పే.

ఇది సులభమైన పని అని నేను అనను. ఓరుగల్లులో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుట ఉన్న కల్యాణమంటపాన్ని, పునాది దెబ్బతిన్నందువల్ల, 2006లో విప్పారు. అది తిరిగి జనానికి తెరుచుకున్నది 2024 మార్చిలో. ఇంతకాలం పట్టింది గనుక, తరలింపు అన్నది చివరిమాట కావాలి గాని మొదటిమాట కాకూడదు. పైగా, గుడి రాళ్లలోనే లేదు. కోనేటిలో ఉన్నది, ఊరేగింపు దారిలో ఉన్నది, ఎదుటి వేపచెట్టు నీడలో ఉన్నది. కూడవెల్లి గుడి అలంపురం వచ్చింది గాని, దాని సంగమం రాలేదు. అందుచేత, దారి మలుపు తిరిగి గుడిని తప్పించుకోగలిగితే దారే మలుపు తిరగాలని నా నిశ్చితాభిప్రాయం.

కొలవకుండా తొందరపడితే ఏమవుతుందో విజయవాడలో చూశాం. 2016 కృష్ణా పుష్కరాలకు దారులు వెడల్పు చేస్తూ పలు గుళ్లను తొలగించారు. జనం మనసు నొచ్చుకున్నది. ఆందోళనలు జరిగాయి. చివరకు 2021 జనవరి 8న, వాటిలో తొమ్మిది గుళ్లను మళ్లీ కట్టడానికి శంకుస్థాపన చేశారు. పడగొట్టిన ఖర్చు ఒకటి, కట్టే ఖర్చు ఒకటి, మధ్యలో మనస్తాపం వేరు.

ఇక్కడ మరొక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. పాతగుడి వేరు, మొన్న మొన్న నడిరోడ్డు మీద లేచిన సిమెంటు గుడి వేరు. వీధుల్లో, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో ఏ మతం పేరుతోనైనా సరే, అనుమతి లేని ప్రార్థనామందిరాలు ఇకమీద కట్టనీయరాదని, ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా విచారించాలని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. ఆ ఆదేశాన్ని చూపి పురాతన మంటపాన్ని కూల్చడమూ తప్పే. పురాతనత్వం పేరు చెప్పి నిన్నటి ఆక్రమణను కాపాడడమూ తప్పే. ఏది ఏదో తేల్చేదెవరు? మళ్లీ ఆ కాగితమే.

ఇంతవరకు దారుల వల్ల కలిగే నష్టం చెప్పాను. కాని, మనసు కష్టపెట్టుకోకుండా వింటారని చెబుతున్నాను, మన ఊళ్లలో పాతగుళ్లకు దారులకంటె ఎక్కువ హాని మన భక్తి వల్లనే కలుగుతున్నది. ఊరికి కొంచెం డబ్బు చేరుతుంది. బెంగుళూరులో స్థిరపడిన వాళ్లు చందాలు పంపుతారు. జీర్ణోద్ధరణ అంటారు. సదుద్దేశమే. ఒక మంచిరోజు చూసి పాత రాతిగుడిని నేలమట్టం చేసి, దాని స్థానంలో సిమెంటు కప్పు వేసి, లోపల పింగాణీ పలకలు అతికించి, స్తంభాలకు నూనెరంగులు పూస్తారు. పాత స్తంభాలు రచ్చకట్టకు మెట్లవుతాయి. ద్వారం మీది గజలక్ష్మి కాలవగట్టున బోర్లా పడుతుంది. మయమతం వంటి శిల్పగ్రంథాల్లో జీర్ణోద్ధారానికి ప్రత్యేకించి ఒక అధ్యాయమే ఉన్నది. ఉద్ధరించడమంటే నిలబెట్టడం గదా, నేలకూల్చడం ఎట్లా అవుతుంది? మరమ్మతు చేసే కాలంలో మూర్తిలోని కళను కలశంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో పూజలు జరిపించే సంప్రదాయం మన ఆగమాల్లోనే ఉన్నది. కాబట్టి, భక్తులు భయపడవలసింది మరమ్మతుకు కాదు.

మరమ్మతులో కూడా మొదటి పని కొలవడమే. శ్రీకాళహస్తిలో, శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు పైకి కనిపిస్తూనే ఉండినవి. మన గుడి గోడలో పగులు ఉంటే, దానికి అడ్డంగా సన్నని గాజుపలక ఒకటి రెండంచులా అతికించి, పక్కన తేదీ రాయండి. నెలలు గడిచినా గాజు అట్లాగే ఉంటే పగులు నిద్రపోతున్నది. గాజు చిట్లితే గోడ కదులుతున్నది, ఇంజనీరును పిలవండి. రావిమొక్కను చేత్తో పీకకండి. వేరు లోపల మిగిలి ఇటుకలను మరింత చీలుస్తుంది. దానిని మొదలంటా కోసి, వేరు చచ్చేలా మందు పెట్టించాలి.

ఇక శాసనం. గుడిలో విలువైన రాయి ఏదంటే విగ్రహమని అందరూ అంటారు. నేను శాసనమంటాను. పాతగుడి ద్వారం పక్క రాతిని ఒకసారి దగ్గరగా చూడండి. ఏటేటా పండుగకు వేసిన సున్నం పొరమీద పొర పేరుకొని, అక్షరాల పల్లాలన్నీ పూడి, రాయి నున్నగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం చూస్తే అక్కడ ఏమీ లేదు. అదే రాతిని పొద్దు పొడుస్తూ ఉండగా, ఎండ ఏటవాలుగా పడేవేళ చూడండి. గీతల నీడలు సన్నగా లేస్తాయి. అప్పుడు తెలుస్తుంది, అది తెలుగో, కన్నడమో అయిన శాసనమని. సున్నాన్ని ఉలితో గీకకండి. నీళ్లతో నానబెట్టి, మెత్తని కుంచెతో ఓపికగా కడగండి. శాసనాల శాఖవారు దానికి అచ్చు తీసే పద్ధతి ఇది. తడిసిన కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి కుంచెతో తడితే, కాగితం అక్షరాల పల్లాల్లోకి దిగుతుంది. తడి ఆరుతుండగా పైన నల్లసిరా అద్దుతారు. నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలు తేలుతాయి. రాయి అక్కడే ఉంటుంది, మాట మన చేతికి వస్తుంది. ఏ చెరువుకు ఎవరు గండి పూడ్పించారో, ఏ భూమి ఏ దేవునికి ఇచ్చారో, ఆనాడు నేతపని వాళ్ల మీద పన్నెంతో, ఇటువంటి సంగతులు మనకు తెలిసింది ఈ రాళ్ల వల్లనే.

మడకశిర దిక్కున హేమావతి ఉన్నది. పూర్వనామం హెంజేరు. నొళంబ పల్లవుల రాజధాని. ఆ నొళంబుల నల్లరాతి స్తంభాలను చోళులు గెలిచి తీసుకుపోయి, కావేరి ఒడ్డున తిరువైయారులో, అనగా తరువాతి కాలంలో మన త్యాగరాజస్వామి నివసించిన ఊరిలో, ఆలయంలో నిలిపారు. హేమావతి స్తంభాలు మద్రాసు మ్యూజియంలోనూ ఉన్నాయి. తల్లిగుడి ఆనవాళ్లు హేమావతిలో మిగిలి ఉన్నందువల్లనే, తరలిపోయిన స్తంభం ఏ గడ్డదో పండితులు పోల్చి చెప్పగలిగారు. మన ఊరి గుడిని ఆనవాలు లేకుండా చేస్తే, రేపు దాని స్తంభం ఏ బంగళా తోటలోనో కనపడినప్పుడు, ఇది మాదని దావా వేయడానికి మనకేమి ఉంటుంది?

ధర్మవరం నేతన్నలకు ఈ పనిలో ప్రత్యేకమైన పాలు ఉన్నదని నా మనవి. లేపాక్షి లతామంటపంలో స్తంభానికొక లతారీతి. కప్పు మీది చిత్రాల్లోని స్త్రీల చీరల అంచులు నేటికీ మగ్గాల మీదికి నమూనాలుగా దిగుతున్నాయి. లేపాక్షి ఒక్కటే గని కాదు. పేరు లేని మంటపంలోని మూలస్తంభం మీద ఏ హంసలబారు ఉన్నదో ఎవరు చూశారు? గళ్ల కాగితం మీద డిజైను ఎక్కించే చేయి, గుడి స్తంభం మీది తీగను చదువుకున్న ఇంజనీరుకంటె నిజంగా గీయగలదు. చెరువుకట్ట వెంట, పేటల్లో, మరుగునపడిన గుళ్లకు ఒక ఆదివారం కాగితం పట్టుకొని వెళ్లండి.

గుప్తనిధుల సంగతి కూడా ఒక్కమాట. నంది కింద నిధి ఉంటుందన్న ఆశతో మన జిల్లాలో పగలగొట్టిన నందులు ఎన్నో. నేలలో దొరికిన పాత సొమ్ము విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. దొంగతవ్వకం జరిగిన గుడి ఫొటో ముందే ఉంటే, పోలీసులకు కేసులో పట్టు దొరుకుతుంది. ఫొటో లేకుంటే, అది పూర్వమే పగిలి ఉన్నదని వాదించడం ఎంతసేపు?

ఇంతకూ ఆ కాగితంలో ఏముండాలి? ఎక్కువేమీ అక్కర్లేదు. గుడి ఉన్న సర్వే నంబరు ముందుగా ఉండాలి. అది ఊరి సర్వేయరు చెప్పగలడు. తర్వాత గుడి పొడవు, వెడల్పు, స్తంభాల సంఖ్య. ఇవి ఊరి మేస్త్రీ టేపు పట్టి చెప్పగలడు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు, ద్వారం పైభాగానిది ఒకటి, శాసనముంటే దానిది వేరుగా. ఇది కాలేజీ పిల్లల పని, అందరి చేతుల్లోనూ ఫోనున్నది. పూజ ఎప్పుడు ఆగింది, పూజారివాళ్లు ఏ ఊరు పోయారు, ఇది అవ్వలూ తాతలూ చెప్పాలి. ఆ కాగితం మూడు ప్రతులు తీయండి. ఒకటి మున్సిపాలిటీకో పంచాయతీకో రసీదు తీసుకొని ఇవ్వండి. ఒకటి పురావస్తు శాఖకు పంపండి. ఒకటి ఊరి బడిలో ఉంచండి. దారి పటం గీసేవాడి బల్ల మీద ఆ కాగితం ఉంటే, గీత గీయడానికి ముందు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. కూల్చక మునుపు కొలవమని నేను అడుగుతున్నది ఆ క్షణం కోసమే.

సంక్రాంతి వెళ్లిన తర్వాత గడ్డి ఎండి, గోడలు బాగా కనపడతాయి. ఉదయపు ఎండ చాలాసేపు ఏటవాలుగా ఉంటుంది. ఈ పనికి అవి మంచి వారాలు. కాగితం మీద గుడి పేరు రాసేటప్పుడు, రికార్డుల్లో ఒక పేరు, ఊరి ముసలివాళ్ల నోట మరొక పేరు ఉంటే, రెండూ రాయండి.